ఉదాహరణకి ఒక నంబరు

ఇరవై రెండేళ్ళు నేను మనుషుల కోసం రాశాను. కథలూ కవితలూ కాదు, ఫలానా మీట నొక్కితే ఫలానాది జరుగుతుందని చెప్పే వాడుక పుస్తకాలు. మా ఆస్పత్రిలోకి ఏ కొత్త సాఫ్ట్‌వేరు వచ్చినా దానికి పుస్తకం రాయడం నా ఉద్యోగం. రాసి, అచ్చు వేయించి, వార్డు వార్డుకీ పంపేదాన్ని. ఒక్కరంటే ఒక్కరు చదివిన పాపాన పోలేదు. మా వదినైతే ముఖం మీదే చెప్పింది, నీ పుస్తకం కాలి కింద పెట్టాక నా బల్ల ఊగడం మానేసిందని. నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. వారం రోజులు ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడ ఆ సంగతి గమనించనే లేదు.

వదిన అంటే మా అన్నయ్య భార్య. అదే ఆస్పత్రిలో, డయాలసిస్ విభాగంలో, పంతొమ్మిదేళ్ళుగా వేళలు కుదిర్చే పని చేస్తోంది. మూత్రపిండాలు పనిచేయని వాళ్ళకి యంత్రంతో రక్తం శుభ్రం చేసే చోటది. పన్నెండు కుర్చీలు, డెబ్బై మంది రోగులు. ఒక్కొక్కరికీ వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు. ఎవరు ఏ రోజు ఏ కుర్చీలో కూర్చోవాలో చూసేది వదిన. మొదట్లో రిజిస్టరులో రాసేది, తర్వాత సాఫ్ట్‌వేరులో పెట్టేది. రిజిస్టరు పోయినా అందులో ఉన్నదంతా ఆవిడ తలలో ఉండేది.

ఈ ఏడాది ఆ పని ఏజెంట్లకి అప్పగించాలని పైవాళ్ళు తీర్మానించారు. ఏజెంట్లంటే మనుషులు కారు, అప్పజెప్పిన పనిని తమంతట తామే చేసుకుపోయే ప్రోగ్రాములు. వాటికి తెరా మీటలూ అక్కర్లేదు. ఏ ఆదేశం ఎప్పుడు ఇవ్వాలి, దానికి ఏం జవాబు వస్తుంది అని రాసిన పత్రం ఒకటి ఉంటే చాలు. ఆ పత్రం నన్ను రాయమన్నారు. అవి మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదువుతాయనీ, చదివినదాన్ని తు.చ. తప్పకుండా చేస్తాయనీ చెప్పారు. ఇన్నాళ్ళకి నాకొక పాఠకుడు దొరికాడని మురిసిపోయాను. రెండు నెలలు ఒళ్ళు వంచి రాశాను.

వదిన మాత్రం ఒప్పుకోలేదు. రెండు మీటింగుల్లో లేచి నిలబడి మరీ వద్దంది. మనిషి మొహం చూడకుండా మనిషికి వేళ ఎలా పెడతారని అడిగింది. ఎవరూ వినలేదు. సోమవారం ఉదయం ఆరింటికి ఏజెంటు పనిలోకి దిగింది. వదిన బల్లని, దాని మీది ఫోనుతో సహా తీసేసి, ఆవిణ్ణి కింది అంతస్తులో పాత కాగితాల గదికి పంపారు. కొత్త లాగిన్ ఇప్పించాలంటే మూడు సంతకాలు కావాలి గనక, ఆవిడ లాగిన్‌నే ఏజెంటుకి ఇచ్చేశారు.

శుక్రవారం తొమ్మిదిన్నరకి వదిన నా గదిలోకి వచ్చింది. మామూలుగా అయితే రాగానే కుర్చీ లాక్కుని కూర్చుని, ఏమిటి రచయిత్రి గారూ అని మొదలుపెడుతుంది. ఆ రోజు నిలబడే ఉంది. డ్రైవరు బాబాయ్ మంగళవారం రాలేదనీ, నిన్న గురువారమూ రాలేదనీ చెప్పింది.

డ్రైవరు బాబాయ్ అని వార్డంతా పిలిచేది డెబ్బై నాలుగేళ్ళ మనిషిని. బస్సులు నడిపి రిటైరయ్యాడు. ఒంటరిగా ఉంటాడు. తొమ్మిదేళ్ళుగా మంగళ, గురు, శనివారాలు ఉదయం ఏడింటికి ఏడో నంబరు కుర్చీ ఆయనది. ఒక్క రోజు మానలేదు. పది నిమిషాలు ముందే వచ్చి, నర్సు పిలిచేదాకా చేతులు కట్టుకుని గోడ పక్కన నిలబడేవాడు. కూర్చోమన్నా కూర్చునేవాడు కాదు.

జాబితాలో ఆయన పేరు పక్కన రద్దు అని ఉండటంతో ఏ ఊరో వెళ్ళి ఉంటాడని నర్సులు ఊరుకున్నారట. ఆ ఉదయం ఒక నర్సు మెట్ల మీద ఎదురై, బాబాయ్ ఏ ఊరెళ్ళాడో అని మాటవరసకి అడిగింది. తొమ్మిదేళ్ళలో ఊరెళ్ళని మనిషి ఇప్పుడెక్కడికి వెళ్తాడు? పరుగున వెళ్ళి రికార్డు చూసింది. ఒకటి కాదు, వరసగా ఐదు రద్దులు. గడిచిపోయిన రెండు రోజులవీ, రేపటి శనివారానిదీ, వచ్చే వారం రెండూ. రోజుకి ఒకటి చొప్పున, సరిగ్గా ఉదయం ఆరింటికి. చేసింది ఎవరంటే వదిన. ఆవిడ లాగిన్‌తోనే ఐదూ జరిగాయి.

సూపరింటెండెంటుకి అప్పటికే కబురు వెళ్ళిపోయింది. పన్నెండింటికి వచ్చి సంజాయిషీ చెప్పుకోమన్నాడు. ఏజెంటుకి చెడ్డపేరు తేవడానికి కింద గదిలో కూర్చుని ఆవిడే ఈ పని చేస్తోందని ఆయన అప్పుడే తేల్చేసుకున్నాడు. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, ఒక్క క్షణం నాకూ అదే అనిపించింది. ఆవిడ పంతం నాకు తెలుసు. నా చూపులో అది కనబడినట్టుంది.

"నువ్వు కూడానా?" అంది వదిన.

నేను మాట మార్చి, ఆయనకి ఫోన్ చేశావా అని అడిగాను. ఇరవైసార్లు చేసిందట, ఆఫ్ చేసి ఉంది. డాక్టరమ్మనీ అడిగింది. పోయిన శనివారం తర్వాత ఒక్కసారి కూడా డయాలసిస్ లేకపోతే, ఆ వయసులో మనిషి ఎన్నాళ్ళు బతుకుతాడని. ఇన్నాళ్ళని చెప్పలేనంది డాక్టరమ్మ. ఒంట్లో పొటాషియం పేరుకుపోతుంది, నొప్పీ గిప్పీ ఏమీ లేకుండా గుండె ఏ క్షణమైనా ఆగిపోవచ్చంది. అప్పటికి ఆరు రోజులయింది.

అంబులెన్స్ అడిగితే రెండూ బయటికి వెళ్ళాయన్నారు, తిరిగి రావడానికి గంట పడుతుందన్నారు. వదిన టాక్సీ పిలిచింది, ఐదు నిమిషాల్లో వస్తానన్నాడు. ఆ ఐదు నిమిషాల్లోనే అంతా బయటపడింది.

నేను ఒంటికాలి మీద లేచాను. మనిషి చేయలేదంటే ఏజెంటు చేసిందనేగా, ఏజెంటు చేసిందంటే నా పత్రం తప్పనేగా. అడక్కుండా ఎవరిదీ రద్దు చేయకూడదని పదిహేనో పేజీలో అంత స్పష్టంగా రాసిపెట్టాను, కావాలంటే నువ్వే చూసుకో అంటూ పత్రం తెరిచాను. ఇరవై రెండేళ్ళలో నేను రాసిన ఒక్క ముక్క చదవని మా వదిన, మొదటిసారి నా భుజం మీదుగా వంగి చదవడం మొదలుపెట్టింది. పదిహేనో పేజీ దాకా వెళ్ళనే లేదు. మొదటి పేజీలోనే ఆవిడ వేలు ఆగిపోయింది.

"ఈ నంబరు ఇక్కడెందుకుంది?"

అక్కడున్నది 4417.

మనుషుల కోసం రాసేటప్పుడు ఉదాహరణలు చూపించడానికి నా దగ్గర సాఫ్ట్‌వేరు నకలు ఒకటి ఉండేది. అందులో రోగులూ ఉత్తుత్తివాళ్ళే, వేళలూ ఉత్తుత్తివే. ఈ పత్రం మొదలుపెట్టిన వారం ఆ నకలు పనిచేయలేదు. సరే, తర్వాత మార్చుకోవచ్చులే అని వదిన బల్ల దగ్గరికి వెళ్ళి, ఉదాహరణకి ఒక నంబరు చెప్పమన్నాను. ఆవిడ ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూనే, తల ఎత్తకుండా 4417 అంది. తొమ్మిదేళ్ళుగా వారానికి మూడుసార్లు టైపు చేసిన నంబరు, ఆలోచించకుండా వచ్చేసింది. డ్రైవరు బాబాయ్ వేళల నంబరది. నేను దాన్ని రాసుకున్నాను. మార్చడం మర్చిపోయాను.

అది ఒక్కటే అయితే ఏ ప్రమాదమూ ఉండేది కాదు. ఆ నంబరుకి పైన ఇంకో వాక్యం ఉంది. పని మొదలుపెట్టే ముందు ఈ కింది ఉదాహరణలు చేసి, జవాబులు ఇలాగే వస్తున్నాయో లేదో చూసుకోవాలి. నేను రాసిన ప్రతి పుస్తకంలోనూ మొదటి పేజీలో ఆ వాక్యం ఉంటుంది. ఏ మనిషీ దాన్ని పాటించలేదు, పాటిస్తారని నేనూ అనుకోలేదు. అలవాటుకొద్దీ రాసేదాన్ని, ఉత్తరం పైన క్షేమం అని రాసినట్టు.

ఏజెంటు పాటించింది. రోజూ ఉదయం ఆరింటికి లేచి, నా పత్రం తెరిచి, మొదటి పేజీలో చెప్పినట్టు మొదటి ఉదాహరణ చేసింది. 4417 వివరాలు చూపించు. చూపించింది. రెండో ఉదాహరణ చేసింది. 4417 తర్వాతి వేళను రద్దు చెయ్యి. రద్దయింది అని జవాబొచ్చింది. జవాబు ఇలాగే వస్తుందని నా పత్రంలోనూ ఉంది. పదిహేనో పేజీలోని నియమం పనికి సంబంధించినది, ఇది పనికి ముందు చేసుకునే పరీక్ష. అంతా సవ్యంగా ఉందని నమ్మి ఆ రోజు పనిలోకి దిగింది. ఐదు రోజులు, ఐదుసార్లు, వదిన పేరుతో.

ఆ రెండు వాక్యాలూ తెర మీద నా ఎదురుగానే ఉన్నాయి. చెరిపేస్తే సరిపోతుంది. రేపు మళ్ళీ జరగదు. రేపు జరగకపోతే ఎందుకు జరిగిందని ఎవరూ పాత ప్రతులు తవ్వి చూడరు. రికార్డులో ఉన్న పేరు నాది కాదు. ఇదంతా నేను అనుకున్నాను. అనుకోలేదని చెప్పుకోవాలని ఉంది గానీ, అనుకున్నాను.

వదిన మాత్రం ఆ నంబరు వైపే చూస్తోంది. ఆవిడ ముఖంలో నా మీద కోపం లేదు.

"నేనే ఇచ్చాను కదూ ఈ నంబరు. నా నోటితో నేనే ఇచ్చాను," అంది.

"నంబరు నువ్విచ్చావు. రద్దు చేయమని రాసింది నేను. ఇందులో నీ తప్పేమీ లేదు వదినా."

కంప్యూటరు విభాగానికి ఫోన్ చేసి ఏజెంటుని ఆపించాను. సూపరింటెండెంటుకి ఫోన్ చేసి, రద్దులు జరిగింది నా పత్రం వల్ల, వదిన వల్ల కాదని చెప్పాను. పన్నెండింటికి వచ్చి చెప్పండి అన్నాడు. రాలేమని చెప్పి పెట్టేశాను. వదిన అప్పటికే మెట్లు దిగుతోంది.

టాక్సీలో ఆవిడ ఆపకుండా ఫోన్ చేస్తూనే ఉంది. ప్రతిసారీ అదే గొంతు, మీరు ప్రయత్నిస్తున్న ఫోన్ ఆఫ్ చేయబడి ఉంది అని. రైలు గేటు దగ్గర ఆగిపోయాం. గూడ్సు బండి. నేను పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, ముప్ఫై దాటాక మానేశాను. అవతల ఒక మనిషి గుండె ఆగుతుందో లేదో తెలియకుండా ఇక్కడ కూర్చుని ఉండటం నా వల్ల కాలేదు. దిగి నడుద్దామన్నాను. వదిన నా చెయ్యి పట్టుకుని లాగి కూర్చోబెట్టింది.

"చదివేవాళ్ళు లేరని ఇరవై రెండేళ్ళు ఏడ్చావు," అంది, కిటికీలోంచి బయటికి చూస్తూ. "ఇప్పుడు చదివారుగా."

ఇంకో రోజైతే ఆ మాటకి నెల రోజులు మాట్లాడేదాన్ని కాదు.

ఫొటోలకి ఫ్రేములు కట్టే దుకాణం పైన ఒక గది ఆయనది. మెట్లు ఇరుకుగా, నిటారుగా ఉన్నాయి. తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది. వదిన తట్టింది. బాబాయ్ అని పిలిచింది. మళ్ళీ తట్టింది. లోపల ఏ చప్పుడూ లేదు. కింద దుకాణంలో ఎవరో మేకులు కొడుతున్నారు. వదిన రెండు అరచేతులతో తలుపు బాదడం మొదలుపెట్టింది. నేను ఆ తలుపు కేసి చూస్తూ, తెరుచుకో తెరుచుకో అని మనసులో అనుకోవడం తప్ప ఏమీ చేయలేకపోయాను.

చాలాసేపటికి లోపల కాళ్ళీడుస్తున్న శబ్దం వినిపించింది. గడియ తీయడానికి కూడా ఆయనకి రెండు ప్రయత్నాలు పట్టాయి.

ముఖమంతా ఉబ్బిపోయి ఉంది. పాదాలు చెప్పుల్లో పట్టక ఒట్టి కాళ్ళతో నిలబడ్డాడు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. అయినా ముందు మమ్మల్ని కూర్చోమన్నాడు, ఒకటే కుర్చీ ఉందని నొచ్చుకున్నాడు. గది శుభ్రంగా ఊడ్చి ఉంది. చొక్కాలన్నీ మడతపెట్టి మంచం మీద ఒక పక్కన పేర్చి ఉన్నాయి. గిన్నెలు తోమి బోర్లించి ఉన్నాయి. బల్ల మీద గది తాళంచెవి, దాని కింద ఒక కాగితం. కాగితం మీద ఇంటి యజమానికి అని రాసి ఉంది.

వదినకి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఎందుకు ఫోన్ చేయలేదు, ఎందుకు రాలేదు, తొమ్మిదేళ్ళుగా తెలిసినవాళ్ళం ఏమైపోయామనుకున్నారు అని నిలదీసింది. నా వేళ రద్దయిందని వచ్చిన మెసేజులో ఎక్కడికి ఫోన్ చేయాలో లేదమ్మా అన్నాడాయన. నిజమే. సందేహాలుంటే ఈ నంబరుకి ఫోన్ చేయండి అన్న ముక్క అంతకు ముందు ఉండేది. అది వదిన బల్ల మీది ఫోను నంబరు. బల్లతో పాటు ఆ ముక్కనీ తీసేశారు. రోజూ ఆరింటికి మెసేజు మోగుతుంటే భరించలేక, ఫోన్ ఆపేసి, తువ్వాల్లో చుట్టి పెట్టెలో పడేశానన్నాడు.

"ఒకసారైతే పొరపాటనుకుంటాం," అన్నాడు, ఊపిరి తీసుకుంటూ. "రోజూ వస్తోందంటే పెద్దవాళ్ళంతా కూర్చుని, ఆలోచించే చేసుంటారు కదమ్మా. నాకంటే అవసరమైనవాళ్ళు వచ్చుంటారు. ఈ వయసులో వచ్చి మీతో పోట్లాడితే ఏం బాగుంటుంది?"

నేను చెప్పాల్సిన మాట అప్పుడే చెప్పాలి. తర్వాత చెప్పడానికి ఆయన ఉంటాడో లేదో తెలియదు.

"ఎవరూ ఆలోచించలేదు బాబాయ్. ఎవరూ కూర్చోలేదు. నేను రాసిన పుస్తకంలో ఉదాహరణకి ఒక నంబరు కావాల్సొచ్చింది. మీది పెట్టాను. తీసేయడం మర్చిపోయాను."

కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఉదాహరణకా," అన్నాడు. "అంతేనా?"

"అంతే."

మెట్లు దిగడం మా ఇద్దరి వల్లా కాలేదు. చెరో పక్కనా పట్టుకుని ఐదు మెట్లు దింపామో లేదో, ఆయన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని అక్కడే కూలబడ్డాడు. పెదాలు నల్లబడ్డాయి. వదిన కిందికి చూసి టాక్సీ అతన్ని కేకేసింది. నేను ఆయన వెనక మెట్టు మీద కూర్చుని, ఆయన వీపుని నా మోకాళ్ళకి ఆనించుకుని, ఊపిరి ఆడుతోందా లేదా అని చూస్తూ ఉన్నాను. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య నా ప్రాణం పోయి వచ్చింది. టాక్సీ అతను వచ్చి, ఆయన్ని రెండు చేతుల మీద ఎత్తుకుని దింపాడు.

ఆస్పత్రి గుమ్మంలో డాక్టరమ్మ ఎదురు చూస్తోంది. రక్తం తీసి పరీక్షకి పంపింది. ఫలితం వచ్చాక కాగితాన్ని రెండుసార్లు చూసుకుంది. గుండెకి ఇంజెక్షన్ ఇచ్చి, ఏడో నంబరు కుర్చీలో పడుకోబెట్టి యంత్రం పెట్టింది. సాయంత్రం దాకా ఆగి ఉంటే తను చేయగలిగేది ఏమీ ఉండేది కాదని వదినతో మెల్లగా చెప్పింది. నేను విన్నాను.

ఒంటిగంటకి సూపరింటెండెంటు గదికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. రాసిమ్మన్నాడు. నా జన్మలో అంత చిన్న పత్రం రాయలేదు, అందులో ఉదాహరణలేవీ లేవు. వదిన మీది నింద తీసేశాడు. విచారణ తేలేదాకా నన్ను ఏదీ రాయవద్దన్నాడు. నా మీద నాకే జాలి పుట్టే లోపల లేచి వచ్చేశాను.

రెండింటికి వార్డులోకి వెళ్ళేసరికి వదిన ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. నాకూ ఒకటి జరిపింది. యంత్రం తిరుగుతోంది. ఆయన ముఖంలో కొద్దిగా రంగు వచ్చింది. కళ్ళు మూసుకునే ఉన్నాడు, నిద్రపోతున్నాడనుకున్నాను. కాసేపటికి కళ్ళు తెరిచి నా వైపు తిరిగాడు.

"మరి మంగళవారం, నిన్న, ఈ కుర్చీలో ఎవరు కూర్చున్నారమ్మా?"

ఆ సంగతి నాకు తెలుసు. సూపరింటెండెంటు దగ్గరికి వెళ్ళే ముందే చూశాను. రద్దయిన వేళలో కొత్తవారిని పెట్టాలంటే ఒక మనిషి ఒప్పుకోవాలని నా పత్రంలో రాశాను. ఆ ఒప్పుకోవాల్సిన మనిషి వదిన, ఆవిణ్ణి కింది గదికి పంపేశారు. ఎవరో ఒకరి పేరు చెబితే ఆయన మనసు కుదుటపడుతుందని తెలుసు. అబద్ధం నోటిదాకా వచ్చింది గానీ, ఆ రోజుకి నేను చేసింది చాలనిపించింది.

"ఎవరూ కూర్చోలేదు బాబాయ్. రెండు రోజులూ ఖాళీగానే ఉంది."

ఆయన తల తిప్పుకుని పైకప్పు కేసి చూశాడు. వదిన ఆయన కాళ్ళ మీది దుప్పటి అంచు పట్టుకుని అలాగే ఆగిపోయింది.

"నా బదులు కూర్చున్నది చిన్నపిల్ల అనుకున్నాను," అన్నాడు ఆయన. "ఎనిమిదేళ్ళుంటాయనుకున్నాను. ఆ పిల్లకి తగ్గాలని, నేను రోజూ మొక్కుకున్నానమ్మా."

యంత్రం ఆగడానికి ఇంకా రెండు గంటలుంది. ఆ రెండు గంటలూ అక్కడే కూర్చున్నాను.